ఒక్క నిమిషం, బ్లేడు మారుస్తాం

మా సెలూన్‌లో రెండు కుర్చీలు. తలుపు పక్కది అన్నది, లోపలి గోడ వైపుది నాది. రెండింటి ముందూ ఒకటే పొడుగాటి అద్దం. వచ్చినవాళ్ళు ఆ అద్దంలో తమ ముఖం చూసుకునేవాళ్ళు. నేను పదకొండేళ్ళపాటు అందులో మా అన్న ముఖం చూశాను.

చేతులు నా కస్టమర్ మీద, కళ్ళు అన్న మీద. అలా పనిచేయడం అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నా చేతికింద కూర్చున్న కొందరి కణతలు ఎగుడుదిగుడుగా పోయిన మాట వాస్తవం. ఒక పెద్దమనిషి ఉండబట్టలేక, "నీకు మెల్లకన్నా బాబూ?" అని అడిగాడు. అవునండీ, పుట్టుకతో వచ్చిందన్నాను. పాపం, ఆయన జాలిపడి ఆ తరవాత కూడా నా దగ్గరికే వచ్చేవాడు.

అన్నకి మూర్ఛ. మూర్ఛ అనగానే అందరికీ మనిషి కిందపడి గిలగిల కొట్టుకోవడం గుర్తొస్తుంది. అన్నది అది కాదు. కాదు గనకే దాచగలిగాం. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోతాడు. ఒక గుటక వేస్తాడు. తల కొంచెం పైకెత్తి, అద్దానికి కుడివైపు పైమూలన వేలాడే గడియారం వైపు చూస్తాడు. ఆ చూపు అక్కడే ఉండిపోతుంది. ఆ తరవాత కుడి చెయ్యి కత్తితో సహా కట్టెలా బిగుసుకుంటుంది. ఎడమ చెయ్యి మాత్రం కస్టమర్ మెడకి కట్టిన గుడ్డ అంచుని నలుపుతూ ఉంటుంది. పెదాలు ఏదో చప్పరిస్తున్నట్టు ఆడతాయి. మొత్తం నిమిషంన్నర. తేరుకున్నాక ఇంకో ఐదారు నిమిషాలు నోట మాట రాదు.

గుటకకీ చెయ్యి బిగుసుకోవడానికీ మధ్య నాలుగైదు క్షణాల వ్యవధి ఉండేది. నా బతుకంతా ఆ నాలుగైదు క్షణాల్లోనే ఉండేది. మూడు అంగల్లో అన్న పక్కకి చేరి, చేతిలోంచి కత్తి తీసుకుని, అన్నకీ కస్టమర్‌కీ మధ్య నిలబడి, "ఒక్క నిమిషం సార్, బ్లేడు మారుస్తాం" అనేవాణ్ణి. నురుగు పూసుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది? కళ్ళు తెరిచినవాళ్ళకి నా వీపు కనిపించేది. ఆ రోజుల్లో మా సెలూన్‌లో మార్చినన్ని బ్లేడ్లు ఇంకెక్కడా మార్చి ఉండరు. ఇంత శుభ్రత పాటించే షాపు ఇంకోటి లేదని మాకు పేరు కూడా వచ్చింది.

ఇంట్లో కూడా మేం మూర్ఛ అని అనేవాళ్ళం కాదు. బ్లేడు అనేవాళ్ళం. వదిన బడిలో గుమాస్తా. పిల్లల హాజరు పట్టీల్లో మిగిలిపోయిన ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుని, అందులో అన్న మూర్ఛలకి హాజరు వేసేది. సాయంత్రం మేం రాగానే చెప్పులు కూడా విప్పనిచ్చేది కాదు. "ఇవాళ ఎన్ని బ్లేడ్లు?" అనేది. నేను రెండంటే రెండు గీతలు గీసేది. అన్న మాత్రం, "నా బళ్ళో కూడా నాకింత హాజరు లేదే" అని నవ్వేవాడు.

అన్న మాటకారి. వచ్చినవాడి పేరు, వాళ్ళ ఆవిడ మోకాళ్ళ నొప్పి, కొడుకు పరీక్ష, కూతురి ఉద్యోగం, అన్నీ అన్న నాలుక చివరనే ఉండేవి. ఒకసారి కుర్చీలో కూర్చున్న మనిషి మూడేళ్ళ తరవాత వచ్చినా, పోయినసారి వదిలేసిన కబురు దగ్గరే మొదలుపెట్టేవాడు. జనం గడ్డం గీయించుకోవడానికి వచ్చేవాళ్ళో, తమ పేరు ఒకసారి నోరారా పిలిపించుకుని పోదామని వచ్చేవాళ్ళో నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. నా దగ్గరికి మాత్రం తొందర ఉన్నవాళ్ళు వచ్చేవాళ్ళు.

ఆ ఏడాది తొలి వాన సాయంత్రంపూట ఈదురుగాలితో వచ్చింది. జల్లు గుమ్మంలోంచి కొట్టి అన్న కుర్చీ కాళ్ళదాకా నీళ్ళు వచ్చాయి. అన్న కుర్చీలో పోస్టుమాస్టారు ఉన్నారు. రిటైరై ఆరేళ్ళయినా ఆయన అందరికీ పోస్టుమాస్టారే. షట్టరు సగం దించుదామని నేను బయటికి వెళ్ళాను. తుప్పుపట్టిన షట్టరు, ఓ పట్టాన దిగలేదు. వేలాడినంత పని చేశాను. వాన చప్పుడులో లోపల అన్న మాట ఆగిపోవడం నాకు వినపడలేదు.

లోపలికి వచ్చేసరికి తెల్ల గుడ్డ ఎర్రబడుతోంది. ఎడమ చెవి కింద, దవడ ఎముక పక్కన, రెండంగుళాల గాటు. అన్న కళ్ళు గడియారం మీద ఉన్నాయి, చెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పటిక రాస్తే ఆగే నెత్తురు కాదది. తువ్వాలు అదిమిపట్టి, ఆ వానలోనే ఆయన్ని నాలుగిళ్ళ అవతల ఉన్న డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయాను. ఆరు కుట్లు పడ్డాయి.

కుట్లు వేయించుకుని బయటికి వచ్చాక పోస్టుమాస్టారు ఆ డాక్టరు గుమ్మంలోనే నన్ను నిలదీశారు.

"ఏమయ్యా, మీ అన్నకి ఏమిటి?"

"చెయ్యి జారిందండీ. వాన చప్పుడికి ఉలిక్కిపడ్డాడు."

"ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి. కవరు చూస్తే లోపలేముందో తెలుస్తుంది నాకు. నిజం చెప్పు."

అదే నిజమండీ అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "నువ్వు దాస్తున్నది మీ అన్న కోసమా, నీ కోసమా?" అన్నారు. కట్టు మీద చెయ్యి పెట్టుకుని వానలోనే నడిచి వెళ్ళిపోయారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం మా షాపు బల్ల మీద తమ వంతు కోసం కూర్చున్న ఇంకో ఇద్దరు అంతా చూశారు. వారం తిరిగేసరికి అన్న కుర్చీలో కూర్చునేవాడు లేకుండా పోయాడు. ముఖం చాటేసినవాళ్ళు కొందరు, "నీ చేత్తోనే చెయ్యి, అన్నని కొంచెం దూరంగా ఉండమను" అన్నవాళ్ళు కొందరు. అన్న ఆ మాటలు విన్నాడు. కత్తిలోంచి బ్లేడు తీసి, తుడిచి, సొరుగులో పెట్టాడు. మొదటి కుర్చీ ఖాళీ అయింది.

ఆపరేషన్ మాట ఎత్తింది వదిన. మందులు మూడు రకాలు మార్చినా తగ్గని వాళ్ళకి అదొక దారి ఉందని బడికి వచ్చిన ఎవరి ద్వారానో విన్నదట. హాజరు పట్టీ చంకలో పెట్టుకుని మా ఇద్దర్నీ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ఆ పట్టీ పేజీలు ఒక్కొక్కటే తిప్పి, "ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళని నేను చూడలేదు" అంది. వదిన ముఖంలో గర్వం కనిపించింది. నాకెందుకో ఏడుపొచ్చింది.

తల స్కానింగ్‌లో ఎడమ కణత లోపల, జ్ఞాపకాలు పనిచేసే చోట, వేలి కొసంత భాగం ఎండి గట్టిపడినట్టు కనిపించింది. అయితే మూర్ఛ అక్కడి నుంచే పుడుతోందని కళ్ళారా చూస్తేగాని కొయ్యరట. అందుకోసం ఐదు రోజులు వార్డులో ఉంచారు. అన్న తలనిండా వైర్లు అంటించారు. పైన కెమెరా. మందులు తగ్గిస్తారు, మూర్ఛ వచ్చేదాకా ఎదురు చూస్తారు. పదకొండేళ్ళు రాకూడదని చూసినవాళ్ళం, రావాలని కూర్చున్నాం.

టెక్నీషియన్ నాకు ఒక బటన్ ఇచ్చి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "రాగానే ఇది నొక్కండి. ఆయన్ని పట్టుకోవద్దు. కెమెరాకి అడ్డం రావద్దు. ముఖం, రెండు చేతులు స్పష్టంగా కనపడాలి. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఏమీ చెయ్యకుండా ఉండడం ఎంత కష్టమో అతనికేం తెలుసు. మూడో రోజు పొద్దున అన్న మంచం మీద కూర్చుని చెంచాతో ఏదో తింటూ, పక్క గదిలో పేషంటు గురించి చెబుతున్నాడు. అప్పటికే ఆ మనిషి వంశవృక్షం అంతా అన్నకి తెలిసిపోయింది. చెబుతూ చెబుతూ ఆగాడు. గుటక వేశాడు. తల కుడివైపు పైకి లేచింది.

బటన్ ఎక్కడ పడిందో తెలియదు. మూడు అంగల్లో మంచం దగ్గర ఉన్నాను. చెంచా లాక్కున్నాను. దుప్పటి గుండెలదాకా లాగి చేతులు కప్పేశాను. అన్నకి అడ్డంగా నిలబడి, గుమ్మంలోంచి తొంగిచూస్తున్న ఆయాతో, "ఒక్క నిమిషమండీ, బ్లేడు మారుస్తాం" అన్నాను.

టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చి తన తల పట్టుకున్నాడు. సాయంత్రం డాక్టరమ్మ ఆ వీడియో మాకు చూపించింది. నిమిషంన్నరపాటు తెరనిండా నా వీపు. చొక్కా మీద చెమట మరకలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

"దీన్ని చూసి ఏం చెయ్యమంటారు? మీ వీపుకి ఆపరేషన్ చెయ్యనా?" అంది డాక్టరమ్మ.

అన్న పగలబడి నవ్వాడు. వదిన నవ్వలేదు. మర్నాటి నుంచి నన్ను గది బయట కూర్చోబెట్టి తను లోపల కూర్చుంది.

ఒకటి వృథా అయింది కాబట్టి మందులు ఇంకా తగ్గించారు. మర్నాడు మధ్యాహ్నం వరసగా రెండు వచ్చాయి, ఆ వెంటనే ఎన్నడూ రానంత పెద్దది. తలుపుకి ఉన్న అద్దంలోంచి చూశాను. అన్న ఒళ్ళంతా విల్లులా వంగి, మంచం కదిలిపోయేట్టు కొట్టుకున్నాడు. నర్సులు అన్నని పక్కకి తిప్పి సూది వేశారు. నాలుక తెగి పెదాల పక్క నుంచి నెత్తురు కారింది. వదిన బటన్ నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె పిడికిళ్ళు చంకల్లో బిగుసుకుని ఉండడం నాకు కనపడుతోంది. కదల్లేదు. అన్నని అందరికన్నా ఎక్కువగా చూసుకునేది నేనేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ పెద్ద ఫిట్టు నా వీపు తెచ్చిపెట్టిందే.

కావలసిన రికార్డు దొరికింది. అన్న నాలుక మానిన తరవాత డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఎడమ కణత వెనక ఉన్న మెదడులో ముందు భాగం కొంత, దాంతోపాటు ఆ ఎండిన ముక్క, తీసేస్తారు. పదిమందిలో ఆరేడుగురికి మూర్ఛ పూర్తిగా ఆగిపోతుంది.

"ఇక పోయేవి చెప్పాలి," అంది. "మాటలకి సంబంధించిన వైపు ఇది. పేర్లు చప్పున తట్టకపోవచ్చు. మనిషి తెలుస్తాడు, పేరు నోటికి రాదు. ఎదుటివాళ్ళు అందించకుండా కాస్త ఆగితే కొన్నిసార్లు దానంతట అదే వస్తుంది. ఇంకోటి, చూపులో కుడివైపు పైమూల కొంచెం చెరిగిపోవచ్చు. అటువైపు ఉన్నది చూడాలంటే తల తిప్పి చూడాల్సి వస్తుంది. ఇది ఇంట్లోవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి."

గుర్తుపెట్టుకోవాలి అన్నప్పుడు ఆవిడ నా వైపే చూసింది. నేను తలూపాను కూడా.

అన్న కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఎన్ని పేర్లు పోతాయి డాక్టరుగారూ?"

"ముందే చెప్పలేం."

"నాకు పడని వాళ్ళవి ముందు పోయేట్టు చూడండి." నవ్వాడు, వెంటనే నవ్వు ఆపేశాడు. "మళ్ళీ కత్తి పట్టుకోవచ్చా?"

"మందులు మానకూడదు. మూడు నెలలు ఒక్కటి కూడా రాకపోతే, అప్పుడొకసారి పరీక్ష చేసి చెబుతాను."

ఆసుపత్రి మెట్ల మీద నేను అన్నని ఆపాను. వదిన మందుల చీటీతో కిందికి వెళ్ళింది. బయట వాన దంచి కొడుతోంది.

"వద్దన్నా. పేర్లు పోతే నీ దగ్గర ఇంకేం మిగులుతుంది? నేనున్నాను కదా, ఇన్నాళ్ళూ చూసుకున్నాను కదా."

"అదేరా చిన్నోడా." అన్న మెట్టు మీద కూర్చున్నాడు. "నాకు ఫిట్టు వచ్చేది నాకు తెలీదు. నీ అడుగుల చప్పుడు తెలుస్తుంది. పదకొండేళ్ళ నుంచి కత్తి పట్టుకుంటే చాలు, వెనకాల నీ చెప్పులు ఎప్పుడు కదుల్తాయా అని చెవులు అటే. నా చేతిలో ఉన్నది నాదని ఒక్క రోజు అనిపించలేదు."

"నేను నీ మంచికే..."

"కాదన్నానా? ఒక్క గడ్డం. ఈ చెవి దగ్గర్నుంచి ఆ చెవి దాకా. నువ్వు అద్దంలోంచి కాపలా కాయకుండా, నా చేత్తో నేను గీసి, తువ్వాలుతో తుడిచి, 'చూసుకోండి' అని అద్దం చూపించాలి. దానికోసం పోతే పోనీ, నాలుగు పేర్లు."

అన్న అంతకుముందు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు క్లిప్పర్ మిషన్ పట్టుకుని వచ్చింది. "ఇంట్లో మనిషి ఉండగా మీకెందుకమ్మా శ్రమ" అని అన్న ఆ మిషన్ నాకు ఇప్పించాడు. ఎడమ కణత మీద జుట్టు తీశాను. పదిహేనేళ్ళ వయసులో నాకు క్లిప్పర్ పట్టడం నేర్పింది ఆ తల మీదే. చెవి చుట్టూ తిప్పుతుంటే కింద చర్మం వెచ్చగా తగిలింది. ఇక్కడే కోస్తారు కదా అనుకున్నాను. "మధ్యలో ఆపావేంరా, కస్టమర్ భయపడతాడు" అన్నాడు అన్న. అంత నున్నగా నేను ఎవరికీ చెయ్యలేదు.

ఐదు గంటలు పట్టింది. కుట్లు చెవి ముందు నుంచి పైకి వంకీ తిరిగి ఉన్నాయి. మొదటి వారం తలనొప్పి, వాపు, నిద్ర. రెండో వారం మాటా జ్ఞాపకం పరీక్షించే ఒకామె బొమ్మల పుస్తకం తెచ్చింది. ఆపరేషన్ ముందు ఆ పుస్తకాన్ని అన్న ఆటగా తిప్పేసి, ప్రతి బొమ్మకీ ఒక ఛలోక్తి కూడా చెప్పాడు. ఈసారి కుర్చీ అన్నాడు. గొడుగు అన్నాడు. తరవాతి బొమ్మ దగ్గర ఆగాడు. చూపుడు వేలూ నడిమి వేలూ గాలిలో ఆడించాడు, టకటకా, ఎంతో ఒడుపుగా.

"కత్తిరించేది," అన్నాడు. "రోజూ... నా జేబులో... కత్తిరించేది."

కత్తెర అన్న మాట రాలేదు. నేను అందించబోయాను. వదిన నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

ఇంటికి వచ్చాక వానల మధ్యే రోజులు గడిచాయి. వదిన రోజూ సాయంత్రం హాజరు పట్టీ తెరిచేది, తేదీ వేసేది, ఖాళీ గడి వైపు చూసి మూసేది. ఒక వారం, ఒక నెల, రెండు నెలలు. ఒక్క గీత కూడా లేదు. సంతోషించాల్సిన ఇల్లే. కానీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్న ఒక వాక్యం మొదలుపెట్టి, మధ్యలో పేరు దగ్గర కాలు జారినట్టు ఆగి, "పోనీలే" అనేవాడు. షాపుకి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళని ఇదివరకు పేరుపెట్టి పిలిచేవాడు, ఇప్పుడు అందరికీ "రండి రండి" అని ఒకటే మాట. కొందరు నొచ్చుకున్నారు. ఎవరికైనా ఏమని చెబుతాం? తువ్వాళ్ళు మడతపెడుతూ అన్న పెదాలు కదిలేవి. పేర్లు వల్లె వేసుకుంటున్నాడని నాకు తెలుసు.

మూడు నెలలు నిండాక డాక్టరమ్మ పరీక్ష చేసి సరేనంది. ఆ కబురు విన్న రెండోనాడే పోస్టుమాస్టారు వచ్చారు. వానాకాలం వెనకబట్టి అప్పటికి పది రోజులు, ఆ పొద్దున మాత్రం చివరి వాన ఒకటి సన్నగా పడుతోంది. ఆయన గొడుగు మూసి, నా కుర్చీ వైపు రాకుండా, మొదటి కుర్చీలో కూర్చున్నారు.

"అప్పుడు సగంలో ఆపేశావు," అన్నారు అన్నతో. "రెండో చెంప మిగిలింది."

అన్న సొరుగు తెరిచాడు. బ్లేడు సగానికి విరిచి కత్తిలో బిగించాడు. గుడ్డ దులిపి ఆయన మెడకి కట్టాడు. బ్రష్‌తో నురుగు తీసి పూశాడు. నా కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు, మెడ వెనక మిషన్ పెడుతున్నాను. అద్దంలోకి చూడకూడదని గట్టిగా అనుకున్నాను. ఒక్కసారి చూసి ఆపేద్దామనుకున్నాను.

అన్న చెయ్యి ఏమీ మర్చిపోలేదు. కుడి చెంప మీద కత్తి కిందికి జారుతుంటే నురుగు తెరలా విడిపోయింది. గడ్డం కింద తల పైకెత్తించి, చర్మం బొటనవేలితో లాగిపట్టి, చిన్న చిన్న గీతలు. బయటి వాన సన్నది కాబట్టి కత్తి చప్పుడు కూడా వినపడుతోంది. అన్న ముఖం మూడు నెలల్లో మొదటిసారి తేటగా ఉంది. కబుర్లు కూడా మొదలుపెట్టాడు.

"చిన్నమ్మాయి ఉద్యోగం చూసుకుంటోందన్నారు కదండీ అప్పుడు. వచ్చిందా?"

"వచ్చింది. దూరం వెళ్ళిపోయింది," అన్నారు పోస్టుమాస్టారు, పెదాలు కదపకుండా.

"మంచిది. చిన్నప్పుడు మీతో ఇక్కడికి వచ్చి ఈ నీళ్ళ సీసాతో ఆడుకునేది. దాని పేరు..."

ఆగాడు.

కత్తి ఎడమ చెవి కింద ఉంది, పాత గాటు మచ్చకి అంగుళం దూరంలో. అన్న గుటక వేశాడు. తల పైకెత్తి, కుడివైపు పైమూలన గడియారం వైపు చూశాడు. చూపు అక్కడే నిలిచిపోయింది.

మూడు అంగలు. మిషన్ నా కస్టమర్ ఒళ్ళో పడిందని తరవాత చెప్పారు. నేను అన్న చేతిలోంచి కత్తి తీసుకుని, మధ్యలో నిలబడి, "ఒక్క నిమిషం సార్, బ్లేడు మారుస్తాం" అన్నాను.

అన్న చెయ్యి బిగుసుకుని లేదు. కత్తి ఎంత సులువుగా వచ్చేసిందో అప్పుడు నాకు తెలిసింది. ఫిట్టులో ఉన్న చేతిలోంచి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకోవాలి. ఇది నేను తాకగానే వదిలేసిన చెయ్యి.

నా వెనక నుంచి అన్న ఆ అమ్మాయి పేరు చెప్పాడు. సరిగ్గా, పూర్తిగా చెప్పాడు.

"దొరికింది," అన్నాడు మెల్లగా. "పేరు కోసం ఆగానురా. టైము ఎంతయిందో చూసుకుంటూ ఆగాను. ఆ గడియారం తల ఎత్తి తిప్పితే తప్ప కనపడదు నాకు."

డాక్టరమ్మ చెప్పింది. నేను తలూపాను. తలూపిన మనిషి ఆ రోజు ఎక్కడికి పోయాడో.

"అన్నా, తీసుకో," అని కత్తి చాచాను. పోస్టుమాస్టారు కూడా, "తీసుకోవయ్యా, ఇంకెంత, నాలుగు గీతలు" అన్నారు. అన్న తీసుకోలేదు. భుజం మీది తువ్వాలు నా భుజం మీద వేశాడు.

"మిగతాది నువ్వు గీసెయ్ చిన్నోడా."

బల్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ నాలుగు గీతలు నేనే గీశాను. చూసుకోండి అని అద్దం నేనే చూపించాను. పోస్టుమాస్టారు అద్దంలో తన ముఖం చూసుకోలేదు, నా ముఖం చూశారు. గొడుగు తెరవకుండానే ఆ జల్లులో వెళ్ళిపోయారు.

సాయంత్రం వదిన పట్టీ తెరిచి పెన్ను చేతిలోకి తీసుకుంది. అన్న తిన్నగా లోపలి గదిలోకి పోవడం చూసి నా వైపు తిరిగింది.

"ఏమైంది? వచ్చిందా?"

"రాలేదు వదినా."

"మరి ఆ ముఖమేమిటి?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె వింటూ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే ఇవాళ ఫిట్టు నీకొచ్చింది మరిదీ," అంది. పట్టీ మూసి బీరువాలో పైన పెట్టేసింది. మళ్ళీ తెరవలేదు.

మర్నాడు కొత్త బ్లేడు బిగించి కత్తి అన్న ముందు పెట్టాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అన్నకి కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది.

"ఒక్క పూట అద్దంలోకి చూడకుండా పనిచెయ్యి," అన్నాడు. "నువ్వు చెయ్యగలిగిన రోజు చెప్పు, ఆ రోజు పట్టుకుంటా."

నా కుర్చీని వెనక్కి తిప్పేశాను. కస్టమర్ ముఖం వీధి వైపు, నా వీపు అద్దం వైపు. ఇదేం కొత్త పద్ధతి అని వచ్చినవాళ్ళు విసుక్కున్నారు. గాలి బాగా వస్తుందండీ అన్నాను. పొద్దున్నుంచి పన్నెండుదాకా తల తిప్పలేదు. మెడ పట్టేసింది. నా వెనకాల అన్న తువ్వాళ్ళు ఉతికి ఆరేస్తున్నాడు, ఎవరితోనో వానల గురించి మాట్లాడుతున్నాడు. పన్నెండున్నరకి ఆ మాట మధ్యలో ఆగింది.

లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. నాలుగు దాకా కూడా పోలేకపోయాను. తిరిగి చూసేసరికి అన్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తడి తువ్వాలు, రెండో చెయ్యి ఖాళీగా నా వైపు కొంచెం చాచి ఉంది. నేను తిరుగుతానా లేదా అని చూస్తున్నాడు. కావాలనే ఆపాడు మాట.

ఆ చెయ్యి దించేసి, "వానలు వెనకబట్టాయి కదా అంటున్నా" అని కబురు అందుకున్నాడు.

నాలుగేళ్ళయింది. అన్నకి ఇంతవరకూ మళ్ళీ ఒక్క ఫిట్టు రాలేదు. జుట్టు కత్తిరిస్తాడు, పేర్లు కూడా చాలావరకు తిరిగి వస్తున్నాయి. గడ్డానికి వచ్చినవాళ్ళని మాత్రం నా కుర్చీ వైపు పంపిస్తాడు. నా కుర్చీ మళ్ళీ అద్దం వైపే ఉంది.